మూడు పక్కన ఖాళీ కొక్కెం

రండి, ముందుకి జరగండి. ఆ వెనకాయన గోడని మోసింది చాలు, అది పడిపోదు గానీ ఇటొచ్చి కూర్చోండి. పిల్లల్ని ఒళ్ళో వేసుకోండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి. మాటలేమైనా మిగిలుంటే నోట్లోనే దాచుకోండి, పాడవ్వవు. ఇది నీళ్ళ కథ. మధ్యలో నోరు తెరిచారా, లోపలికి పోతాయి.

ఆ ఏడు పట్టిన ముసురు మామూలు ముసురు కాదు. తొమ్మిది రోజులు ఆకాశం మూత పెట్టుకోవడం మర్చిపోయింది. గొడుగేసుకుని వీధి దాటినవాడి చేతిలో అవతలికి చేరేసరికి గొడుగు కాడ ఒక్కటే మిగిలేది. కప్పలు గడప లోపలికొచ్చి, కాసేపు ఆరనివ్వండి బాబూ అన్నట్టు కూర్చునేవి. మూడో అంతస్తు ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చేపని పట్టుకుందని చెప్పుకుంటారు. ఆవిడ మాత్రం కాదు, చేపే నా చెయ్యి పట్టుకుంది అంటుంది.

ఆ వానలో ఊరంతా చూసేది ఒక్కరి వైపే. పలకల పెద్దమ్మ వైపు.

వంతెన మొదట్లో ఒక గది. గది నెత్తిన సైరను. గది ముందు గోడకి నల్లటి చెక్క బోర్డు, బోర్డుకి మూడు కొక్కేలు. మొదటి కొక్కేనికీ రెండోదానికీ మధ్య ఎర్రరంగు వేసిన రేకు బిళ్ళ, కదలకుండా రివెట్లు కొట్టి బిగించింది. అదే పాయింటు. ఎగువ వంతెన దగ్గర నీటిమట్టం చూసే మనిషి అరగంటకోసారి ఫోన్ చేసి అంకెలు చెబుతాడు. పెద్దమ్మ ఆ అంకెల రేకు పలకలు ఏరి కొక్కేలకి తగిలిస్తుంది. ఎగువన ఉన్న నీళ్ళు ఇక్కడికి దిగిరావడానికి గంట పైన పడుతుంది. బోర్డు కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: "5.25 దాటితే సైరన్". మీటర్లన్నమాట. అది దాటితే కింది వీధిలో నలభై ఇళ్ళు మునుగుతాయి. ఆ నలభై ఇళ్ళలో లేవలేని ముసలివాళ్ళున్నారు, పాకే పిల్లలున్నారు.

పెద్దమ్మ బడి గుమ్మం తొక్కిన మనిషి కాదు. అంకెల్ని మొహం చూసి గుర్తుపట్టడం వరకూ మొగుడు నేర్పాడు. ఆయన పోయాక ఆ గదీ, ఆ పలకలూ, సైరను తాళంచెవీ ఆమెకొచ్చాయి. తాళంచెవిని కొంగుకి ముడేసుకుని తిరుగుతుంది, నిద్రలో కూడా తడుముకుంటుంది.

అలా తడుముకోవడానికి కారణముంది. కిందటేడు ఎగువ మనిషి "ఐదు పాయింట్ సున్నా ఎనిమిది" అన్నాడు. సున్నా అంటే ఏమీ లేకపోవడమే కదా, ఏమీ లేనిదానికి కొక్కెమెందుకు దండగ అనుకుని, ఆమె ఎనిమిదిని తీసుకెళ్ళి పాయింటు పక్కనే తగిలించింది. చూస్తే 5.8! సైరను కూసింది. ఊరు ఊరంతా మేడలెక్కింది. తాళాలు బాగుచేసే మామ, వంద కిలోల మనిషి, నీళ్ళ ట్యాంకు మీదికి నిచ్చెన లేకుండా ఎక్కాడు. దించడానికి నిచ్చెన వేస్తే దాని మీద కాలు పెట్టడానికి భయపడ్డాడు. మూడు రోజులు అక్కడే ఉన్నాడు, భోజనం తాడు కట్టి పంపించారు. నీళ్ళు మాత్రం ఒక్క చుక్క ఎక్కువ రాలేదు.

ఆ తర్వాత పైఅధికారి వచ్చి వేలు చూపించి మరీ చెప్పాడు. "చూడమ్మా, చెప్పిన అంకె ప్రతిదీ తగిలించు. చెప్పని అంకె ఒక్కటీ తగిలించకు. ఇంకోసారి ఉత్తినే సైరను మోగిందా, తాళంచెవి నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపో."

ఏడాదిగా ఆమె వీధిలో నడుస్తుంటే పిల్లలు వెనకనుంచి "ఊ...య్" మని సైరను కూత కూస్తున్నారు. తల దించుకుని నడవడం అలవాటైపోయింది.

ఇక తొమ్మిదో రోజు. మధ్యాహ్నం రెండు గంటలకి 5.1. రెండున్నరకి ఫోన్ మోగింది. "ఐదు పాయింట్ ఒకటి ఎనిమిది, అక్కా." పెద్దమ్మ ఒకటీ ఎనిమిదీ వరసగా తగిలించింది. బోర్డు కింద జనం పోగయ్యారు.

"పద్దెనిమిది! పద్దెనిమిదికొచ్చిందిరోయ్! ఇంకో ఏడెక్కితే కొంపలు మునిగినట్టే!"

కింది వీధి వాళ్ళు మూటలు కట్టడం మొదలుపెట్టారు. దర్జీ అయితే కుట్టు మిషను నెత్తిన పెట్టుకుని, ముసలి తల్లిని రెండో చేత్తో పట్టుకుని గట్టు మీదికి వచ్చేశాడు. ఆయన మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పెళ్ళికైనా చావుకైనా ఆయన మెడలోంచి టేపు దిగదు.

మూడింటికి ఫోన్ మళ్ళీ మోగింది. గరగరమంటూ ఎగువ మనిషి గొంతు. "అక్కా... ఐదు పాయింట్ మూడు... విన్నావా? ఉత్త మూడు..." అంతే. టప్పున తెగిపోయింది. పెద్దమ్మ ఎంత అరిచినా అవతల చీమ చిటుక్కుమనలేదు.

ఆమె బయటికొచ్చి ఒకటీ ఎనిమిదీ తీసేసి, పాయింటు పక్కన మూడు తగిలించింది. చివరి కొక్కెం ఖాళీగా ఊగింది.

గుంపంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"మూడే! పద్దెనిమిది నుంచి మూడుకి దిగింది!"

"ఇరవై అయిదుకి ఇంకా ఇరవై రెండు బాకీ. ఈ జన్మకి రాదు పో!"

"నేను చెప్పలేదూ? పొద్దున నా మోకాలు నొప్పి తగ్గినప్పుడే అనుకున్నా, వాన పనైపోయిందని!"

నవ్వులు. మూటలెత్తుకుని జనం కిందికి దిగడం మొదలుపెట్టారు. పక్కలు పరుచుకోవాలని ఒకరు, పొయ్యి వెలిగించాలని ఒకరు. ఇందాక ఏడుస్తూ గట్టెక్కిన పసిపిల్లలు ఇప్పుడు ఎగురుకుంటూ దిగుతున్నారు.

పెద్దమ్మ మాత్రం వంతెన మీదికి నడిచి చూసింది. వాన చూస్తే ఇందాకటికంటే లావుగా పడుతోంది. వంతెన కింద నది మట్టిరంగు తిరిగి, చెట్ల మొద్దుల్ని అగ్గిపుల్లల్లా విసిరేస్తోంది. అరగంటలో పదిహేను తగ్గిందా? ఎక్కడికి పోయినట్టు ఆ నీళ్ళు? పైనెవరైనా స్ట్రా వేసుకుని తాగేశారా?

గదిలోకొచ్చింది. మూల స్టూలు మీద మనవరాలు కూర్చుని ఉంది. గిలక అని పిలుస్తారు, నోరు ఆగదు గనక. అయిదో తరగతి. వానకి బడి మూసేశారు.

"ఏమే గిలకా, పద్దెనిమిది పెద్దదా, మూడు పెద్దదా?"

"పద్దెనిమిది, అమ్మమ్మా. అది కూడా తెలీదా?"

"పాయింటు తర్వాతైతేనో?"

గిలక నోరు టక్కున ఆగింది. ఆగదని పేరున్న నోరు ఆగేసరికి పెద్దమ్మ గుండె గుభేలుమంది.

"మాట్లాడవేమే?"

"కిందటి వారం పరీక్షలో ఇదే ఇచ్చారు. నేనూ పద్దెనిమిదే పెద్దదని రాశా. టీచరు ఎర్రగా కొట్టేసింది."

"అంటే మూడు పెద్దదా?"

"టీచరు అలాగే అంది."

"ఎందుకూ?"

"చెప్పబోతోంది అమ్మమ్మా. ఈలోగా బెల్లు కొట్టేశారు."

"నీ బెల్లు తగలెయ్య! తర్వాతి రోజు అడగలేకపోయావా?"

"తర్వాతి రోజు వానొచ్చింది."

పెద్దమ్మ కొంగుముడి మీద చెయ్యేసింది. తాళంచెవి చల్లగా తగిలింది. ఒక ఎర్రగీతని నమ్మి సైరను మోగించడమా? రేపు నీళ్ళు రాకపోతే? చెవి పోతుంది, కూడు పోతుంది, ఈ ఊళ్ళో తలెత్తడం అనేదే పోతుంది. మోగించకపోతే? కిటికీలోంచి కనబడుతున్నారు, వరసగా కిందికి దిగిపోతున్న గొడుగులు. గడియారం మూడూ అయిదు చూపించింది. నీళ్ళు ఎగువ వంతెన దాటేశాయి, తోవలో ఉన్నాయి. అవి ఎవరి కోసమూ బెల్లు కొట్టవు.

"ఇంకేం చెప్పారే మీ బళ్ళో? గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పు."

గిలక కళ్ళు మూసుకుని ఎక్కాల్లా వల్లించింది. "పాయింటు ముందు ఒకట్లు. పాయింటు తర్వాత మొదటి గది పదో వంతులు. రెండో గది నూరో వంతులు."

"అంటే?"

"తెలీదు. పాట అంతే."

పదో వంతు. రొట్టెని పదిమందికి పంచితే ఒక్కడికొచ్చేది పదో వంతు, అంతవరకూ పెద్దమ్మకి తెలుసు. ఇక్కడ రొట్టె ఏది? మీటరు. మీటరుని పంచాలి. మీటరెక్కడుంది?

ఒక్క అంగలో గుమ్మం దాటింది. గట్టు మీద దర్జీ మళ్ళీ మిషను నెత్తికెత్తుకుంటున్నాడు.

"ఒరేయ్ దర్జీ! ఆగు! నీ టేపు ఇలా తే!"

"పెద్దమ్మా, ఇప్పుడు జాకెట్టు కుట్టించుకునే వేళా? అమ్మ తడిసి ముద్దయింది, ఇంటికి తీసుకెళ్ళాలి."

"ఇంటికి తర్వాత వెళుదువు గాని. ముందు చెప్పు, మీటరులో గీతలెన్ని?"

"వంద. అంగుళాల వైపు కాదు, ఇటు తిప్పితే."

"వందని పదిమందికి పంచితే?"

"తలకి పది. ఏంటి పెద్దమ్మా, ఈ వయసులో ట్యూషనా?"

"నోర్ముయ్. పదో వంతు అంటే పది గీతలు. నూరో వంతు అంటే ఒక్క గీత. అవునా కాదా?"

"అవును."

పెద్దమ్మ టేపు లాక్కుని మెట్టు మీద పరిచింది. వానచినుకులు గీతల మీద టపటపా పడుతున్నాయి.

"ఇందాకటిది ఒకటి, ఎనిమిది. మొదటి గదిలో ఒకటి, అంటే పది గీతలు. రెండో గదిలో ఎనిమిది, అంటే ఎనిమిది గీతలు. పద్దెనిమిది గీతల మీద వేలు పెట్టు గిలకా. తియ్యకు. ఇప్పుడు గోడ మీది రాత. రెండు, అయిదు. రెండు పదులు, అయిదు గీతలు. ఇదిగో, ఇరవై అయిదు, ఇక్కడ నా వేలు. ఇక దర్జీ, నువ్వు పెట్టరా. మొదటి గదిలో మూడు."

"మూడు గీతలు..." అంటూ దర్జీ టేపు మొదట్లో వేలు పెట్టాడు.

"మొదటి గదిరా! ఆ గదిలో ఉన్నవాడు ఒక్కొక్కడూ పది గీతల మనిషి!"

దర్జీ వేలు టేపు మీద మెల్లగా జరిగింది. పది. ఇరవై. గిలక వేలు దాటింది. పెద్దమ్మ వేలు దాటింది. ముప్పై దగ్గర ఆగింది. రోజుకి వందసార్లు ఆ ముప్పైని చూసే మనిషి, ఇప్పుడు దాన్ని పాముని చూసినట్టు చూశాడు.

"పెద్దమ్మా, తగ్గలేదు."

"తగ్గలేదురా."

"పన్నెండు పెరిగింది. గీత దాటేసింది." వెనక్కి తిరిగి, "అమ్మా! కదలకు! ఒక్క మెట్టు కూడా దిగకు!" అని అరిచాడు.

అయినా పెద్దమ్మ మనసు కుదురుకోలేదు. కిందటేడూ ఇలాగే గట్టిగా తెలుసనుకుంది మరి. గదిలోకి పరిగెత్తి సైరను పెట్టె తాళం తీయబోతే చెవి రంధ్రంలో పడదే! ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని మరీ తిప్పింది. కరెంటు ఎప్పుడో పోయింది, చేత్తో తిప్పే హ్యాండిలే గతి. దర్జీ ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టుకున్నారు. సైరను ముందు దగ్గింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత కూసింది చూడండి, పక్క ఊరి కోడి కూడా సిగ్గుపడి వారం రోజులు కూయడం మానేసింది.

కిందికి దిగిపోతున్న గొడుగులు ఆగాయి. వెనక్కి తిరిగాయి. కొన్ని పైకొచ్చాయి, కానీ భయంతో కాదు, కోపంతో.

"మళ్ళీ మొదలెట్టావా పెద్దమ్మా?"

"బోర్డు మీద మూడుంటే సైరనేంటి? కళ్ళు కనబడ్డం లేదా?"

"పదండ్రా పదండి. ఈవిడ కూతకి కిందటేడు ఎక్కింది చాలు."

"మొదటి గది..." అని పెద్దమ్మ మొదలుపెట్టింది. "పదో వంతు... టేపు..." ఎవరు వింటారు? దర్జీ టేపు ఊపుతూ అరుస్తుంటే, ఎవరికో చొక్కా కొలత దొరకలేదని నవ్వారు. నాలుగు గొడుగులు మళ్ళీ కిందికి తిరిగాయి.

"అమ్మమ్మా," గిలక కొంగు లాగింది. "చివర సున్నా తగిలించు. మా బళ్ళో అలా చేస్తే తప్పు కొట్టరు."

"సున్నానా? అతను చెప్పలేదే! పైగా మూడు పక్కన సున్నా పెడితే ముప్పై అవదూ? పదింతలు పెంచి చూపించినట్టు కాదూ? దొంగపని కదే!"

అలా అంటూనే బోర్డు వైపు చూసింది. సున్నా పక్కనొస్తే మూడు ముప్పై ఎందుకవుతుంది? సున్నాకి చోటిచ్చి మూడు పైకుర్చీలోకి జరుగుతుంది గనక. ఇక్కడ మూడెక్కడికి జరుగుతుంది? ఎర్రబిళ్ళకి రివెట్లున్నాయి. మూడు దాని కొక్కేనికే ఉంది. సున్నా వచ్చి ఖాళీ కొక్కెం మీద కూర్చుంటుంది, అంతే. ఎవరినీ తొయ్యదు. ఆ గదిలో ఒంటి గీతలు ఒక్కటీ లేవు అని చెబుతుంది, అది అబద్ధం కాదు.

కానీ 'చెప్పని అంకె ఒక్కటీ తగిలించకు' అన్న వేలు కళ్ళ ముందు ఆడింది. సున్నా పలక చేతిలోకి తీసుకుంది. అంత తేలిక రేకూ ఇంటి దూలమంత బరువనిపించింది. ముని వేళ్ళ మీద నిలబడి, కొక్కేనికి తగిలించింది.

5.30.

"ముప్పై!" అని ఎవరో కెవ్వున అరిచారు. "ఓరి నాయనో, చూస్తుండగానే మూడు నుంచి ముప్పైకొచ్చింది!"

ఇక ఎవరికీ టేపు అక్కర్లేకపోయింది. కాళ్ళున్నవాళ్ళు పరిగెత్తారు, లేనివాళ్ళని భుజాన వేసుకున్నారు. కింది వీధిలో తలుపు తలుపూ బాదారు. మంచంతో సహా ఒక ముసలాయన్ని నలుగురు మోసుకొస్తుంటే, ఆయన నిద్రలేవకుండానే గట్టెక్కాడు. నాలుగు కావస్తుండగా నలభై ఇళ్ళూ ఖాళీ. జనమంతా మిట్ట మీది బడి వరండాలో, గదుల్లో, బెంచీల కింద కూడా.

ఆ తర్వాత ఎదురుచూపు. అది చెప్పడం నా వల్ల కాదు. నాలుగైంది. రాలేదు. నాలుగూ పది. రాలేదు. సణుగుళ్ళు మొదలయ్యాయి. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చా" అని ఒకావిడ. "ఊ...య్" మని మూల నుంచి ఎవడో. పెద్దమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. టేపు తప్పు చూశానా? పది గీతలా, పదకొండా? ఆ పిల్ల పాట తిరగేసి చెప్పలేదు కదా? గిలక వచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, ఒకవేళ టీచరే తప్పు కొట్టుంటే?" అంది గుసగుసగా. పెద్దమ్మ స్తంభం పక్కనే కూలబడింది.

నాలుగూ ఇరవైకి దూరంగా శబ్దం. వెయ్యి లారీలు ఒకేసారి కంకర దింపినట్టు. వంతెన కింద నుంచి నది లేచి నిలబడింది. కింది వీధి మొదటి ఇంటి గుమ్మం తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళింది, కిటికీలోంచి బయటికొచ్చింది. దర్జీ దుకాణం బోర్డు, రెండు మంచాలు, పాలు పెట్టని పొయ్యి, అన్నీ వరసగా సాగిపోయాయి. చూరు కింద జానెడు గోడ మాత్రమే మిగిలింది.

వరండాలో తల్లులు పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు, మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు. దర్జీ వచ్చి మెడలోని టేపు తీసి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు. పెద్దమ్మ దాన్ని చూడలేదు. గిలక తలని గుండెకి అదుముకుని, తొమ్మిది రోజుల వానా ఒక్కసారే కళ్ళలోంచి కురిపించింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ తాళాలు బాగుచేసే మామ ముందుకొచ్చాడు. మునిగిపోయిన తన ఇంటి కప్పు వైపు చూశాడు, పెద్దమ్మ వైపు చూశాడు, నడుం మీద చేతులు పెట్టుకుని కోపంగా అన్నాడు:

"బోర్డు మీద మూడున్నంతసేపూ ఊరు పొడిగానే ఉంది కదమ్మా! ఆ సున్నా తగిలించబట్టే కదా ఇన్ని నీళ్ళొచ్చాయి! వెళ్ళి తీసేయ్, సాయంత్రానికి నా ఇల్లు ఆరిపోవాలి!"